బ్రేకు పట్టి యాక్సిలరేటర్ ఇచ్చే రత్నకుమారి

కెనడా వచ్చిన తెలుగు ఆడవాళ్ళ గురించి రాసేవాళ్ళు మామూలుగా రెండు రకాల మనుషుల్నే తయారుచేస్తారు. మొదటావిడ కిటికీలోంచి మంచు చూసి కళ్ళు తుడుచుకుంటుంది. రెండో ఆవిడ సమస్తాన్నీ జయించి, పట్టుచీర కట్టుకుని, సంఘం వారి సావనీరులో ఫోటో అయిపోతుంది. ఒంటారియో రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో ఉండే రత్నకుమారి ఈ రెండు పాత్రలకూ పనికిరాదు. మంచును చూస్తే ఆవిడకు ఏడుపు రాదు, బూతులొస్తాయి. ఇక జయించడమంటారా, రోడ్ టెస్టునే జయించలేకపోయింది.

కారు నడపడం రాక కాదు. నోరు ఊరుకోక. లేన్ మారేముందు భుజం మీదుగా తల తిప్పి చూడాలని పరీక్ష పెట్టేవాడంటే, "మరి అద్దాలెందుకు పెట్టారు?" అంది. పురుగు కూడా లేని కూడలిలో స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగాలంటే, "ఎవరి కోసం?" అంది. యూనివర్సిటీలో అయితే ఇలాంటి ప్రశ్నలకు డిగ్రీలిస్తారు. డ్రైవ్‌టెస్ట్ సెంటర్లో ఇవ్వరు. ఎన్నిసార్లు వెళ్ళినా అదే వరస. చివరికి ఆవిడ ఆ సెంటరునే ఫెయిల్ చేసి ఇంటికొచ్చేసింది.

ఈ మొండితనానికి మూలం విశాఖపట్నంలో ఉంది. అక్కడ ఒక కొరియర్ ఆఫీసులో గుమస్తాగా ఉన్న రోజుల్లో, ముందు గ్యాస్ సిలిండరు, వెనక ఆడపడుచు, హ్యాండిలుకు కూరల సంచీ పెట్టుకుని స్కూటరు తోలిన మనిషి. సిరిపురం ఎత్తు మీద ట్రాఫిక్ ఆగితే బండి వెనక్కి జారకుండా ఏం చెయ్యాలో ఆ ఊరి స్కూటరు జనానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. బ్రేకు పట్టి ఉంచాలి. పట్టి ఉంచుతూనే యాక్సిలరేటర్ కొంచెం కొంచెంగా తిప్పాలి. బండి ముందుకు లాగుతోందని పిర్రలకు తెలిసిన క్షణాన బ్రేకు వదిలెయ్యాలి. ఒక చెయ్యి ఆపుతూ, ఇంకో చెయ్యి తోస్తూ ఉండే ఈ విద్య ఆవిడకు ఊపిరి తీసుకోవడమంత అలవాటు. ముందుముందు జరిగిన తలనొప్పంతా ఇక్కడినుంచే వచ్చింది.

మొగుడు రామ్మోహన్‌ది తెనాలి. కార్ల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ ట్రైనరు. ఆయన ఉద్యోగ ధర్మం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: యంత్రం మీద చెయ్యి వేసే ప్రతివాడూ ముందు దాని కరెంటు ఆపి, స్విచ్చికి తన సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. పని అయ్యాక యంత్రాన్ని పరీక్షించి, ఎవడి తాళం వాడే తియ్యాలి. దీన్ని లాకౌట్ అంటారు. మంచి నియమమే. ఎన్నో వేళ్ళను కాపాడింది. కానీ దానితో కాపురం చేసిన వాళ్ళకు తెలుస్తుంది దాని బరువు. బల్బు మార్చాలన్నా, మిక్సీ జారు కడగాలన్నా, ఆ ఇంట్లో మొదట ఒక ఉపన్యాసం జరగాలి.

రత్నకుమారి పనిచేసేది రొట్టెలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో. గ్రాండ్ నదికి అవతల, ఎత్తు మీద. షిఫ్ట్ మొదలయ్యాక గానీ మొదటి బస్సు అటు రాదు. అందువల్ల రోజూ మొగుడు డ్రాప్ చెయ్యాలి. డ్రాప్ అనేది ప్రవాస జీవితంలో అతి పెద్ద దానం. అన్నం పెట్టినవాడు భోజనం మధ్యలో "సీటు బెల్టు పెట్టుకున్నావా?" అని అడగడు. డ్రాప్ చేసేవాడు అడుగుతాడు. ఇంకా చాలా అడుగుతాడు. తలుపు గట్టిగా ఎందుకు వేశావంటాడు. నీ కోసం నిద్ర మానుకున్నానంటాడు. కారు దిగుతూ ఆవిడ "థాంక్సండీ" అనాలి. కట్టుకున్నవాడికి రోజూ థాంక్స్ చెప్పాల్సి రావడం కన్నా నడిచిపోవడం నయమనిపించేది. కానీ చలికాలం నడిస్తే థాంక్స్ చెప్పడానికి మనిషి మిగలదు.

అందుకే, లైసెన్సు అక్కర్లేని ఎలక్ట్రిక్ బైకు తయారుచేసుకుంది. కొనుక్కోవచ్చు కదా అని అందరూ అడిగారు. కొంటే రామ్మోహన్ ఎంచిందే కొనాలి, ఆయన ఎంచేది ఆస్పత్రి కుర్చీలాగా ఉంటుంది.

పక్కవీధిలో ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్మే గరాజ్ సేల్లో ఒక పాత సైకిలు దొరికింది. పోస్టులో కిట్ వచ్చింది: వెనక చక్రంలోనే ఇమిడిపోయిన మోటారు, దానికి కరెంటు పంచే కంట్రోలర్ డబ్బా, బ్యాటరీ, తిప్పే యాక్సిలరేటర్, కొత్త బ్రేకు లివర్లు. గరాజ్‌లో దుప్పటి పరిచి అన్నీ పెళ్ళిసామాన్లలాగా సర్దుకుంది. ఆవిడేదో పుట్టు ఇంజనీరని మీరు అనుకోవద్దు. వీడియోలు చూసింది, అంతే. వాటిలో ఒకటి ఏ భాషో కూడా తెలియదు, అందులోని గడ్డమాయన చేతులు చూసి నేర్చుకుంది. పచ్చ తీగకు పచ్చ, పసుపుకు పసుపు కలిపి మీట తిప్పితే చక్రం వెనక్కి తిరిగింది. కిట్ వాడి పచ్చా, మోటారు పచ్చా వేరని అప్పుడు తెలిసింది. తీగలు మార్చి మార్చి, తిట్టి తిట్టి, చివరికి ముందుకు తిప్పింది.

రామ్మోహన్ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండేవాడు. చెయ్యి వేసేవాడు కాదు.

"బ్యాటరీ పీకేశావా ముందు?"

"పీకాను."

"పీకినట్టు టెస్ట్ చేశావా?"

"ఏటండీ, పీకింది బల్ల మీదుంది. దాన్ని చూస్తే తెలీదా?"

"చూసి నమ్మిన వాళ్ళే రత్నా, మా ప్లాంటులో వేళ్ళు పోగొట్టుకుంది."

ఆ కొత్త బ్రేకు లివర్లలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. ఒక్కో లివరు నుంచి సన్నటి తీగ కంట్రోలర్ డబ్బాలోకి పోతుంది. బ్రేకు మీద వేలు పడగానే, యాక్సిలరేటర్ ఎంత తిప్పి ఉన్నా సరే, మోటారుకు కరెంటు ఆగిపోతుంది. ఇంట్లో తయారైన బండికి ఇది ప్రాణంలాంటిది. మీట ఇరుక్కుపోవచ్చు, తీగ తడిసిపోవచ్చు, ఎవరి చెయ్యో పొరపాటున పడొచ్చు. భయం వేస్తే మనిషి చేసే మొదటి పని బ్రేకు పట్టడం కాబట్టి, ఆ పనికే మోటారు చచ్చిపోయేట్టు పెట్టారు.

మొదటి ఆదివారం రత్నకుమారి ట్రయల్‌కు బయల్దేరింది. నది మీది వంతెన దాటాక రొట్టెల ఫ్యాక్టరీకి పోయే ఎత్తు మధ్యలో ఒక సిగ్నల్ ఉంది. ఎర్ర లైటు పడింది. ఆగింది. పచ్చ పడింది. బ్రేకు పట్టి ఉంచి యాక్సిలరేటర్ తిప్పింది. ఏమీ లేదు. ఇంకా తిప్పింది. మోటారు మూగనోము పట్టింది. బ్రేకు వదిలింది, బండి వెనక్కి జారింది. కంగారుగా మళ్ళీ బ్రేకు పట్టింది, మళ్ళీ మూగనోము. వెనక ట్రక్కువాడు హారన్ కొట్టాడు. కెనడాలో హారన్ కొట్టించుకోవడమంటే నలుగురిలో చెంపదెబ్బ తిన్నట్టే. ఆవిడ బండి దిగి, పేవ్‌మెంట్ మీదికి తోసుకుపోయి, సిరిపురం దాకా వినబడేట్టు ఒక మాట అంది.

ఇంటికొచ్చి కంట్రోలర్ డబ్బా ఉన్న సంచీ విప్పింది. బ్రేకు తీగలవి రెండు చిన్న ప్లగ్గులు, గోరంతవి. లాగేసింది. టేపు చుట్టి లోపలికి తోసేసింది. ఇరవై ఏళ్ళు స్కూటరుకు లేని పథ్యం దీనికెందుకని.

"సేఫ్టీలేమీ బైపాస్ చెయ్యలేదు కదా?" రామ్మోహన్ అడిగాడు.

"మీ మాట ఎప్పుడన్నా దాటానా?" అంది.

ఇది అబద్ధం కాదు. సంసారంలో ప్రశ్నకు ప్రశ్న జవాబుగా వస్తే అబద్ధం కింద జమ కాదు. సేఫ్టీ ట్రైనరుకు మాత్రం అది తెలిసి ఉండాల్సింది.

ఆ వారమంతా రత్నకుమారి పనికి సొంతంగా వెళ్ళింది. ఎత్తు మీద ఎర్ర లైటు పడ్డా లెక్కలేదు. బ్రేకు పట్టి, మీట తిప్పి, పిర్రలకు తెలియగానే వదిలి, ట్రక్కుల కన్నా ముందు కదిలేది. రొట్టెల ఫ్యాక్టరీలో ఆవిడ ముఖం చూసి కొత్తగా చేరిన వాళ్ళు ఇంటి నుంచి శుభవార్త వచ్చిందనుకున్నారు. రోజూ ఎవరికీ థాంక్స్ చెప్పకుండా పనిలోకి దిగడమే ఆ శుభవార్త.

అంతలో సంగతి గుడికి తెలిసింది.

కేంబ్రిడ్జ్‌లో గుడి ఒక ఇండస్ట్రియల్ ప్లాజాలో ఉంది. ఇటు టైర్ల కొట్టు, అటు కిచెన్ కౌంటర్లు కోసే షాపు, మధ్యలో వైకుంఠం. ప్రసాదం కమిటీకి పెద్ద బాలత్రిపురసుందరి గారు. రిటైరైన ప్రసూతి డాక్టరు. అంటురోగాల విషయంలో ఆవిడ సైన్సును నమ్ముతుంది, వాహనాల విషయంలో నిమ్మకాయను.

"పూజ లేకుండా బండెక్కావా రత్నం? ఎంత ధైర్యమమ్మా నీకు!"

"సైకిలేనండీ డాక్టరుగారూ."

"మోటారుందిగా. మోటారుంటే వాహనమే. శనివారం తీసుకురా. నువ్వు కూడా రావయ్యా రామ్మోహన్, సేఫ్టీ అంటావుగా ఎప్పుడూ. ఇంతకు మించిన సేఫ్టీ ఏముంది?"

రామ్మోహన్ నవ్వి ఊరుకున్నాడు. గుడిలో నవ్వి ఊరుకోవడం కూడా ఆయన ప్రొసీజర్లలో ఒకటి.

శనివారం పార్కింగ్ లాటులో బండిని నిలబెట్టారు. హ్యాండిలుకు పసుపు, కుంకుమ. చక్రాల కింద నిమ్మకాయలు. పక్కనే మడత బల్ల మీద పులిహోర, దద్ధ్యోజనం ట్రేలు. పంతులుగారు కుర్రాడు, మంత్రాలు గబగబా అయిపోయాయి.

"బండి స్టార్ట్ చెయ్యండమ్మా, హారతిస్తాను."

వాహనపూజలో బండి నడుస్తూ ఉండాలి. హారతి సమయానికి ఇంజన్ గుర్రుమంటూ ఉంటే దేవుడికి వినబడుతుందని కాబోలు. కారైతే గేరు పార్కులో ఉంటుంది, ఎంత గుర్రుమన్నా కదలదు. రత్నకుమారి బ్యాటరీ తాళంచెవి తిప్పింది. హ్యాండిలు మీద చిన్న దీపం వెలిగింది.

"స్టార్ట్ చెయ్యండమ్మా."

"చేశానండీ."

పంతులుగారు చెవి దగ్గర పెట్టి విన్నాడు. "శబ్దం రావట్లేదే?"

"దీనికి రాదండీ."

బతికున్నట్టు ఎవరికీ తెలియని యంత్రం అక్కడ నలుగురి మధ్యన నిలబడి ఉంది. దానికి బాలత్రిపురసుందరి గారు బంతిపూల దండ తెచ్చారు. దండ జారిపోతుందని, ఎర్ర దారంతో కుడివైపు పిడికీ హ్యాండిలుకూ కలిపి బిగించి కట్టారు. ఆ కుడివైపు పిడే యాక్సిలరేటర్. వదిలితే వెనక్కి తిరగాల్సిన పిడి అది. కొన్ని వేల బొడ్డుతాళ్ళు కట్టిన చెయ్యి వేసిన ముడి అది.

"హారతి తీసుకో రత్నం, రెండు చేతులా."

రెండు చేతులా అంటే బండి ఎవరో పట్టుకోవాలి. "ఏవండీ, కాస్త పట్టుకోండి" అంది రత్నకుమారి.

రామ్మోహన్ పట్టుకున్నాడు. గేదె కొమ్ము పట్టుకున్నట్టు, దండతో సహా, కుడివైపు పిడిని గుప్పిట్లో బిగించి.

బండి ఉరికింది. నిమ్మకాయలు తొక్కడం అయితే శాస్త్రోక్తంగానే జరిగింది. ఉరికేదాన్ని పట్టి లాగితే గుప్పిట ఇంకా తిరుగుతుంది, తిరిగేకొద్దీ ఇంకా ఉరుకుతుంది. రామ్మోహన్ ఎడమ చేత్తో బ్రేకు పట్టాడు. ప్రాణభయంతో పట్టాడు. మోటారు ఆగలేదు. ముందు చక్రం బిగుసుకుపోయింది, వెనక చక్రం తోస్తూనే ఉంది, బండి పక్కకు తిరిగి ఆయన్ని తారు మీద పడేసింది. పడుతూ ఆయన పిడి వదిలేశాడు. పిడి వెనక్కి తిరగలేదు. తిరిగిన చోటే దారం బిగిసి పట్టుకుంది. బండి తనంతట తాను బల్ల దాకా పోయి, దాన్ని కూల్చి, పక్కకు ఒరిగిపోయింది. ఒరిగిపోయినా వెనక చక్రం తిరుగుతూనే ఉంది, దద్ధ్యోజనాన్ని భక్తులందరికీ సమానంగా పంచుతూ.

"నీళ్ళు పొయ్యండి!" ఎవరో అరిచారు.

"కరెంటుది, నీళ్ళొద్దు!" ఇంకెవరో.

పంతులుగారు కలశం చేత్తో పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాడు. రత్నకుమారి హారతి వదిలేసి, పరిగెత్తి, బ్యాటరీ తాళంచెవి తిప్పింది. చక్రం మెల్లగా ఆగింది. టైర్ల కొట్టు వాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. వాళ్ళకు ఇది కూడా పూజలో భాగమేనేమో అన్న అనుమానం ఉన్నట్టుంది.

"దిష్టి," అన్నారు బాలత్రిపురసుందరి గారు, చీర మీద పెరుగు దులుపుకుంటూ. "ఎంత దిష్టి ఉందో చూశారా దీనికి!" అని వెంటనే డాక్టరై, తారు మీద కూర్చుని ఉన్న రామ్మోహన్ మణికట్టు పట్టి చూశారు. "విరిగింది. పదండి."

ఎమర్జెన్సీ వెయిటింగ్ రూములో ప్లాస్టిక్ కుర్చీలు. ఒంటారియోలో చచ్చేవాణ్ణి ముందు చూస్తారు, బతికేవాణ్ణి తరవాత. రామ్మోహన్ బతికేవాడని తేల్చి కూర్చోబెట్టారు. నుదుటి మీద కుంకుమ, చొక్కా మీద ఆవాలు. ఎడమ చేత్తో ఆవాలు ఒక్కొక్కటే ఏరి పారేశాడు. తరవాత మొదలెట్టాడు.

"బ్రేకు పట్టాను రత్నా. గట్టిగా పట్టాను."

"చూశాను."

"పడితే కట్ అవ్వాలి. కిట్ పేపర్లో చదివాను నేను. కిట్టే డిఫెక్టు. వాడి మీద కంప్లైంట్ పెడతా. లేదా ఆ దారం. ఆవిడకి బుద్ధుండక్కర్లా, యాక్సిలరేటర్‌కి ముడేస్తుందా ఎవరన్నా?"

అక్కడితో ఊరుకుంటే కిట్ వాడు దోషి అయ్యేవాడు, లేదా డాక్టరుగారు, లేదా దిష్టి. ముగ్గురు దోషులు సిద్ధంగా ఉన్నప్పుడు నాలుగోవాళ్ళు లేచి నిలబడడం తెలివితక్కువ పని. రత్నకుమారి ఆ పని చేసింది. మంచితనం వల్ల కాదు. ఆయన కిట్ వాడికి రాసే ఉత్తరం తనే టైపు చెయ్యాలి, కుడి చెయ్యి పోయింది కాబట్టి.

"కిట్ మంచిదే. బ్రేకు ప్లగ్గులు నేనే పీకేశాను."

ఆయన తల తిప్పి చూశాడు. డ్రైవ్‌టెస్ట్ వాళ్ళు చూసి ఉంటే పూర్తి మార్కులు వేసేవారు, అంత చక్కగా భుజం మీదుగా.

"ఎందుకు?"

"ఎత్తు మీద బ్రేకు పట్టి ఎక్స్‌లేటర్ ఇవ్వడం కుదర్లేదు. వెనక్కి జారిపోతోంది."

"దాని కోసం?"

"దాని కోసమే. హారన్ కొట్టాడు వాడు."

"నేను అడిగాను నిన్ను. బైపాస్ చేశావా అని అడిగాను."

"మీరు రోజూ అన్నీ అడుగుతారు. ఏది నిజంగా అడుగుతున్నారో నాకేటి తెలుస్తుంది?"

ఇది క్షమాపణ కాదు గానీ, అబద్ధం కూడా కాదు. లోపలికి పిలిచేదాకా ఇద్దరూ ఎదురుగోడ మీది చేతులు కడుక్కునే విధానం పోస్టరు చదువుకుంటూ కూర్చున్నారు.

ఇంటికి రాగానే ఆయన మొదట చేసిన పని, పిండికట్టు ఆరకముందే, బ్యాటరీ కొక్కేనికి ఎడమ చేత్తో ఎర్ర తాళం వెయ్యడం. దానికి ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన అట్ట ముక్క తగిలించాడు: ప్రమాదం, తియ్యవద్దు, రామ్మోహన్. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"నేను పనికెలా పోవాలి?"

"డ్రాప్ చేస్తాను."

"ఏ చేత్తో?"

అది ఆయన ఆలోచించలేదు.

ఆ తరవాత ఇద్దర్నీ బాలత్రిపురసుందరి గారే డ్రాప్ చెయ్యడం మొదలెట్టారు. దారం కట్టిన పాపం ఆవిడకు గుచ్చుకుంటోంది. పాపపరిహారం చేసుకునేవాళ్ళ కారెక్కడం కన్నా పాపాత్ముల కారెక్కడం సుఖం. పొద్దున్నే దిష్టి గురించి, మోకాళ్ళ గురించి, మగవాళ్ళ ఎముకల్లో కాల్షియం గురించి. రామ్మోహన్ ముందు సీట్లో చెయ్యి గుండెల మీద పెట్టుకుని కూర్చునేవాడు.

"బెల్టు పెట్టుకున్నావా రామ్మోహన్?"

"పెట్టుకున్నానండీ."

"క్లిక్ వినబడలేదు."

"వినబడిందండీ."

"ఏదీ, లాగి చూడు."

ఆయన లాగి చూశాడు. వెనక సీట్లోంచి రత్నకుమారి కిటికీ బయటికి చూస్తూ ఉంది, పెదవి కొరుక్కుంటూ. తన ఫ్యాక్టరీ దగ్గర దిగుతూ ఆయన "థాంక్సండీ" అన్నాడు. తలుపు గట్టిగా వేశాడని డాక్టరుగారు చెప్పారు.

సాయంత్రాలు రత్నకుమారి గరాజ్‌లో గడిపింది. ఈసారి ఆవిడ ముందు పీకేసిన ప్లగ్గులు రెండూ తిరిగి పెట్టింది. తరవాత కుడివైపు తిప్పే పిడి తీసేసి, బొటనవేలితో నొక్కే చిన్న మీట తెచ్చి ఎడమవైపు బిగించింది. బండిని ఎవరు ఎలా పట్టుకున్నా అది గుప్పిట్లోకి రాదు. ట్రెడ్‌మిల్ మీద చొక్కాకు తగిలించుకుంటారే, అలాంటి దారం ఒకటి పెట్టింది. ఒక కొస మణికట్టుకు, ఇంకో కొస బండికి. మనిషి బండి నుంచి దూరమైతే దారం ఊడి మోటారు చచ్చిపోతుంది. కానీ పని చేస్తుందో లేదో చూడాలంటే బ్యాటరీ కావాలి. బ్యాటరీకి తాళం.

"తాళం తియ్యండి. టెస్ట్ చెయ్యాలి."

"తియ్యను. అమ్మేద్దాం దాన్ని."

"మీ రూలేంటండీ? తాళం ఎవరు వెయ్యాలి?"

"మెషీన్ మీద పనిచేసేవాళ్ళు."

"పని ఎవరు చేస్తున్నారు?"

ఆయన జేబు తడుముకున్నాడు.

"నేను చేస్తున్నా. అంటే తాళం నాది ఉండాలి. మీరు ఏ పని చేస్తున్నారని వేశారు? అది లాకౌట్ కాదు, పెత్తనం."

"నా చెయ్యి విరిగింది రత్నా."

"విరిగింది. నా వల్లే. అందుకే బాగుచేశాను. పని అయిపోయాక తాళం వేసినవాడే వచ్చి చూసి, టెస్ట్ చేసి, తన తాళం తానే తియ్యాలి. ఇంట్లో మిక్సీకి కూడా చెప్తారు కదా. ఇప్పుడు రండి, చూడండి. బాగాలేకపోతే అమ్మేద్దురు. నేనే ఫోటో తీసి అమ్మకానికి పెడతా."

రూళ్ళతో బతికేవాణ్ణి రూళ్ళతోనే కొట్టాలన్నది పాత నీతి. కానీ ఇక్కడ దెబ్బ రెండువైపులా ఉంది. పరీక్షలో ఒక్కటి తప్పినా బండి పోతుంది, ఆ తరవాత మిగతా జీవితమంతా ఎవరో ఒకరి ముందు సీటు వెనకాల. రత్నకుమారికి అది తెలుసు. తెలిసే అంది.

రామ్మోహన్ కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. వెనక చక్రం గాల్లో తిరిగేట్టు బండిని పాల క్రేట్ల మీదికెక్కించారు. ఆయనే తాళం తీశాడు, బ్యాటరీ పెట్టాడు, కానీ తాళం చేతిలోనే పట్టుకున్నాడు. మీట నొక్కమన్నాడు. చక్రం గాల్లో తిరిగింది. ఎడమ లివరును వేలితో తాకాడు, బ్రేకు పడనంత తేలిగ్గా. మోటారు మూలుగు ఆగింది. కుడి లివరు. ఆగింది. దారం లాగాడు. దీపం కూడా ఆరిపోయింది. మళ్ళీ పెట్టి, మళ్ళీ లాగాడు. తరవాత ఆ రోజు పట్టుకున్నట్టే, గేదె కొమ్ములాగా, కుడివైపు పిడిని మంచి చేత్తో బిగించాడు. రబ్బరు పిడి, ఊరికే ఉంది. హ్యాండిలు అటూ ఇటూ తిప్పి తీగలు లాగి చూశాడు. ఆయనకు ఒక తప్పు కావాలి. ముఖంలో కనబడుతోంది ఎంత కావాలో. మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాడు.

చివరికి ఒకటి దొరికింది.

"ఒకటి మిగిలింది."

"ఏది?"

"నీ చెయ్యి. దానికి స్విచ్ పెట్టలేం కదా. ఎత్తు మీద లైటు పడితే అది మళ్ళీ బ్రేకు పట్టి యాక్సిలరేటర్ ఇస్తుంది. బండి వెనక్కి జారుతుంది, వెనక ట్రక్కుంటుంది. నాలుగు రోజులకి విసుగొచ్చి మళ్ళీ ప్లగ్గులు పీకేస్తావు."

పిడివాదపు మనుషులతో వచ్చే కష్టం ఇదే. అప్పుడప్పుడూ వాళ్ళ మాటే నిజమవుతుంది. రత్నకుమారి ఆ చెయ్యిని తిప్పి చూసుకుంది. సిలిండరు మోసిన చెయ్యి, ఆడపడుచును మోసిన చెయ్యి, ఎవరికీ జడవనిది.

"ఆ లైటు దగ్గర దిగి నడుస్తాను," అంది.

"నువ్వా?"

"నేనే."

"హారన్ కొడతారు."

"కొట్టుకోనీండి."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. ఇది చూసి నమ్మడం. ఆయన ప్లాంటులో వద్దని చెప్పే పని. తాళాన్ని జేబులో వేసుకుని, అట్ట ముక్కను చించి, లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న డాక్టరుగారి కారు వచ్చి ఆగేసరికి రామ్మోహన్ ఒక్కడే గుమ్మంలో ఉన్నాడు. రత్నకుమారి అప్పటికే వంతెన మీద ఉంది, మణికట్టుకు దారం కట్టుకుని. నది మీద పొగమంచు, చేతులు చల్లబడిపోయాయి. ఎత్తు సగం ఎక్కేసరికి ఎర్ర లైటు పడింది. ఆగింది. వెనక ఒక డంప్ ట్రక్కు వచ్చి నిలబడింది.

పచ్చ పడింది. కుడి చెయ్యి బ్రేకు పట్టింది. ఎడమ బొటనవేలు మీట నొక్కింది. ఆవిడ చెప్పకుండానే నొక్కింది, ఇంకా గట్టిగా నొక్కింది. మోటారు పలకలేదు. బ్రేకు వదలబోయింది. బండి ఒక జానెడు వెనక్కి జారింది.

"ఓలమ్మో," అంది తన చేతిని చూసి. "నీకు సిగ్గు లేదే."

బండి దిగింది. తోసేటప్పుడు ఎవరి వేలూ మీట మీద పడకుండా ముందు దారం లాగేసింది. దీపం ఆరింది. ట్రక్కువాడు హారన్ కొట్టాడు. ఆవిడ చెయ్యెత్తి ఆగమని సైగ చేసి, తీరుబడిగా, హ్యాండిలు మధ్యలో పట్టుకుని బండిని పేవ్‌మెంట్ మీదికి నడిపించింది. అక్కడినుంచి ఎత్తు పైకి తోసుకుంటూ పోయింది. సైకిలు బరువు, బ్యాటరీ బరువు, మోటారు బరువు, ఆవిడ వయసు. మధ్యలో ఆగి రొప్పింది. పక్క నుంచి డాక్టరుగారి కారు వెళ్ళింది. ముందు సీట్లో రామ్మోహన్ బెల్టు పెట్టుకుని, తల తిప్పకుండా, అద్దంలోంచి చూస్తూ వెళ్ళాడు.

రొట్టెల ఫ్యాక్టరీలో షిఫ్ట్ మొదలైపోయింది. ఆవిడ హెల్మెట్ తీసి జుట్టుకు వల పెట్టుకుంటుంటే, పక్క బెల్టు మీద పనిచేసే నిఖిల, వరంగల్ నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్ల, గడియారం చూసింది.

"లేటైంది ఆంటీ. సూపర్‌వైజరు అడిగిండు. అంకుల్ డ్రాప్ చెయ్యలేదా?"

"లేదమ్మా."

"మరి ఎట్లొచ్చిన్రు?"

"సగం తోలుకుంటూ, సగం తోసుకుంటూ."

"అంత కష్టమెందుకు ఆంటీ? నాకు ఫోన్ చేస్తే మా రూమ్మేట్ దింపుతుండె."

రత్నకుమారి గ్లవుజులు తొడుక్కుంది. రొట్టెలు అప్పుడే బెల్టు మీద వరసగా వస్తున్నాయి, వేడిగా.

"రేపు కొంచెం ముందు బయల్దేరతా," అంది.